బల్గేరియా పల్లెపాటలు అచ్చుకెక్కిన తీరు

ఒట్టోమన్ పాలన నుంచి 1878లో బయటపడిన బల్గేరియా, పల్లెల్లోని పాటలనూ కథలనూ ఆచారాలనూ ముద్రించి భద్రపరచడాన్ని పదకొండేళ్లకే ప్రభుత్వ బాధ్యతగా స్వీకరించడం విద్వత్ చరిత్రలో గౌరవించదగిన ఘట్టం. అంతకుముందు ఈ పని వ్యక్తుల త్యాగం మీదే నడిచింది. మిలదీనోవ్ సోదరులు దిమితర్, కొన్స్తాంతిన్ కూర్చిన గేయసంపుటి బిషప్ స్ట్రాస్‌మేయర్ సహాయంతో 1861లో జాగ్రెబ్‌లో వెలువడగా, మరుసటి ఏడాది ఆరంభంలోనే వారిద్దరూ ఇస్తాంబుల్ చెరసాలలో కన్నుమూశారు.

విద్యా మంత్రిత్వ శాఖ 1889లో ఆరంభించిన ‘స్బోర్నిక్ జా నరోద్ని ఉమొత్వోరేనియా’ సంపుటాలకు రూపకర్త ఇవాన్ షిష్మానోవ్. జాతిశాస్త్రం, అంటే ఒక జనసముదాయపు జీవన విధానాన్నీ నమ్మకాలనూ పరిశీలించే శాస్త్రం, ఏం చేయాలో ఆయన మొదటి సంపుటంలోనే సుదీర్ఘంగా వివరించారు. ఊరి బడిపంతుళ్లు స్వయంగా విని రాసి పంపిన సామగ్రి కూడా వీటిలో చేరడం వల్ల, పండితులు ఎన్నడూ అడుగుపెట్టని ఊళ్ల గొంతులు సైతం నిలిచాయి.

తర్వాత ఈ సంపుటాల ప్రచురణ విజ్ఞాన అకాడమీకి సంక్రమించింది. 1975లో ‘బల్గార్‌స్కి ఫోల్క్‌లోర్’, 1977లో మధ్యయుగ అధ్యయనాల కోసం ‘పాలియోబల్గారికా’ పత్రికలు మొదలయ్యాయి. రెండో పత్రిక పలు భాషల్లో వ్యాసాలు ప్రచురించడం ఎంతో అవసరమైన విధానం. ఎందుకంటే ప్రాచీన బల్గేరియన్ భాషలోని సుప్రాస్ల్ రాతప్రతి వంటి మూలాలు వార్సా, ల్యూబ్లియానా, సెయింట్ పీటర్స్‌బర్గ్ గ్రంథాలయాల మధ్య ముక్కలుగా చీలివున్నాయి.