తుపానే మా చెట్ల జాతకం

మా తోటలో కొబ్బరి చెట్లెన్నో నాకు నోటికొచ్చు. వాటి వయసు మాత్రం బీమా దరఖాస్తు నింపేదాకా ఎవరూ అడగలేదు. కొబ్బరి అభివృద్ధి బోర్డు బీమాలో 4 నుంచి 15 ఏళ్ల చెట్టుకి ఒక లెక్క, 16 నుంచి 60 ఏళ్ల చెట్టుకి ఇంకో లెక్క. కాగితం పట్టుకుని నాయనమ్మ దగ్గరికెళ్లాను.

"తొంభయ్యారు తుపానుకి పడ్డ చెట్ల గోతుల్లోనే, మరుసటేడు మీ తాత మొక్కలు పెట్టాడు కదరా. లెక్కేసుకో," అంది.

1996 నవంబరు 6 నాటి తుపాను అది. కోనసీమలో తోటల వయసు చాలామంది అక్కణ్నుంచే లెక్కేస్తారు. నాయనమ్మ కర్రతో చూపించిన చెట్టు చూపించినట్టే మొదలుకి సున్నం రాశాను. సున్నం పడనివి తుపానుకి ఆగినవి. వాటిలో 60 దాటినవి బీమాకి పనికిరావు. పాత చెట్లు, రోగం పట్టినవి తీసి కొత్తవి నాటుకోవడానికి బోర్డు సాయం వేరే ఉంది.

నేను చూసిన బీమా పత్రం ప్రకారం 16 దాటిన చెట్టుకి ఏడాది ప్రీమియం 14 రూపాయలు. సగం బోర్డు, పావు వంతు రాష్ట్రం భరిస్తే రైతు వాటా మూడున్నర. చెట్టు పోతే 1,750 రూపాయలు. తోటలో కనీసం 5 మంచి చెట్లుండాలి. తెల్లదోమ పట్టి కాయ తగ్గిందంటే మాత్రం బీమా రాదు. దానికి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానానికి వెళ్లాలి. దోమని చంపే ఐసేరియా శిలీంధ్రాన్ని అక్కడ తయారుచేస్తారు.

పెట్టుబడికి కిసాన్ క్రెడిట్ కార్డు ఉంది. 3 లక్షల దాకా పంట రుణానికి 7 శాతం వడ్డీ, గడువులోగా కట్టేస్తే 4 శాతమే పడుతుంది. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా తాకట్టు అడగకూడదు. ఇదంతా చదువుకుని ధీమాగా వెళ్తే, ఒక బ్యాంకు కౌంటరు దగ్గర నా కాగితాలు నాకే తిరిగొచ్చాయి. భూమి పాసుపుస్తకం ఇంకా తాత పేరునే ఉంది మరి! ఆయన పోయి తొమ్మిదేళ్లు.

అప్పుడు తెలిసింది, పథకం వెతికే ముందు మన పేరు వెతుక్కోవాలని. ముందు పేరు మార్పిడి, తర్వాత రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్ నమోదు, ఆ తర్వాతే బ్యాంకు గుమ్మం. కౌలుకి చేసేవాళ్లకి ఇంకో మెట్టు ఎక్కువ. 2019 చట్టం కింద ఇచ్చే సాగు హక్కు పత్రానికి భూయజమాని సంతకం కావాలి. అది చెల్లేది 11 నెలలే. మాట మీద నడిచే కౌలుకి ఆ సంతకం దొరకడమే కష్టం.

ఈ ఏడు పది మొక్కలు పెట్టాను. ఏ రోజు పెట్టానో కాగితం మీద రాసి పాసుపుస్తకంలో దాచాను. నాయనమ్మ చూసి, "అంత రాతెందుకురా, నేనున్నాగా," అంది.