పక్షవాతానికి చిరునామా తెలుసా?

మన మెదడు బరువు శరీరం బరువులో నూటికి రెండు వంతులే. కాని శరీరం వాడుకునే ప్రాణవాయువులో అయిదో వంతు దానికే కావాలి. అలాంటి మెదడుకి రక్తం అందకపోతే ఏమవుతుంది?

మెదడులోని రక్తనాళానికి రక్తపుగడ్డ అడ్డుపడినా, ఆ నాళం చిట్లినా అక్కడి నాడీకణాలు చనిపోసాగుతాయి. అవి చేతిని ఆడించే కణాలయితే చెయ్యి పడిపోతుంది. మాటను నడిపించేవయితే మాట పడిపోతుంది. ఇదే పక్షవాతం. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో లెక్కకట్టారు.

గడియారంతో పందెం

రక్తపుగడ్డని కరిగించే మందు ఒకటుంది. పేరు ఆల్టిప్లేస్. జబ్బు మొదలయిన 3 గంటలలోగా ఇస్తే మేలు చేస్తుందని 1995లో అమెరికాలో రుజువయింది. 2008లో జరిగిన మరో పరీక్షతో ఆ గడువు నాలుగున్నర గంటలకి పెరిగింది. సన్నని గొట్టాన్ని రక్తనాళం గుండా మెదడుదాకా పంపి గడ్డని బయటికి లాగే పద్ధతి కూడా మంచి ఫలితాలిస్తుందని 2015లో తేలింది.

అయితే ముందు స్కానింగ్ తీసి చూడాలి. నాళం చిట్లి ఉంటే, గడ్డని కరిగించే మందు రక్తస్రావాన్ని ఇంకా పెంచుతుంది!

మందుకి బీదా గొప్పా తేడా తెలియదు. మరి ఫలితం కూడా అందరికీ ఒకేలా ఉండాలి కదా?

ఒంటారియోలో ఏం తేలింది?

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఆస్పత్రి ఖర్చునీ డాక్టరు ఖర్చునీ ప్రభుత్వ బీమాయే భరిస్తుంది. అక్కడ పక్షవాతంతో ఆస్పత్రిలో చేరిన దాదాపు 39 వేలమంది వివరాలను పరిశోధకులు పరిశీలించి, 2002లో ఫలితాలు ప్రకటించారు. ఎవరి జీతమూ అడగలేదు. రోగి చిరునామాలోని పోస్టల్ కోడ్‌ను బట్టి, ఆ పేటలో ఆదాయమెంతో జనాభా లెక్కలలో చూశారు.

పేట ఆదాయం ఏడాదికి 10,000 డాలర్లు ఎక్కువయ్యేకొద్దీ, నెలలోగా చనిపోయే ప్రమాదం సుమారు 9 శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది! వయసులో, ఇతర జబ్బులలో ఉన్న తేడాలను లెక్కలోకి తీసుకున్నా ఇదే ఫలితం. దీన్నిబట్టి పేదపేటలోని ప్రతి రోగీ నష్టపోతాడని అనుకోకూడదు. ఇది వేలమంది మీద తేలిన సగటు మాత్రమే.

వైద్యం ఉచితమయినా తేడా ఎందుకొచ్చింది?

పక్షవాతం కథ ఆస్పత్రి గుమ్మం దగ్గర మొదలు కాదు. దాని ప్రధాన కారణాలలో మొదటిది రక్తపోటు. అది చాలామందిలో ఏ బాధా లేకుండా ఏళ్ళ తరబడి దాక్కుంటుంది. రక్తపోటు చూపించుకోవడానికి తీరిక, మందులు మానకుండా కొనే స్తోమత, పొగ లేని గాలి, నడవడానికి చోటు – ఇవి అన్ని పేటలలోనూ సమానంగా ఉండవు.

ఆ తరవాత దారి. గుర్తులు తెలిసినవాళ్ళు పక్కన ఉండాలి, బండి దొరకాలి, స్కానింగ్ ఉన్న ఆస్పత్రి దగ్గరలో ఉండాలి. రోజుకూలి పోతుందని ఒక పూట ఆగినా గడువు దాటిపోతుంది.

ప్రాణం నిలిచాక కూడా పని ఉంటుంది. పడిపోయిన కాలు మళ్ళీ నడవాలంటే నెలల తరబడి వ్యాయామ చికిత్స చెయ్యాలి. ఒంటారియోలో పేదపేటల వారికి ఆస్పత్రిలో ఈ చికిత్స కొంచెం తక్కువగానే అందింది. మెదడుకి రక్తం తీసుకెళ్ళే మెడలోని నాళాన్ని శుభ్రంచేసే శస్త్రచికిత్సకి వాళ్ళు ఎక్కువ రోజులు ఆగవలసి వచ్చింది. ఈ కారణాలలో దేని వాటా ఎంతో విడదీసి చెప్పడం సులభం కాదు. కాని ఒకటి మాత్రం స్పష్టం: బిల్లు రద్దుచేసినంత మాత్రాన తేడా పోదు.

మీరు చెయ్యగలిగిన పని

ఉన్నట్టుండి మూతి ఒక పక్కకి వంకరపోవడం, ఒక చెయ్యి పైకి లేవకపోవడం, మాట ముద్దగా రావడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా టైము చూసి గుర్తుపెట్టుకోండి. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. 2005లో హైదరాబాదులో మొదలయిన ఈ అంబులెన్సుకి డబ్బు కట్టక్కర్లేదు. పసరు పోయిద్దామనో, తెల్లారాక చూద్దామనో ఆగవద్దు.

ఈ మూడు గుర్తులూ మీ వీథిలో ఎంతమందికి తెలుసో ఈ ఆదివారం అడిగి చూడండి. తెలియనివాళ్ళకి చెప్పి రండి.