పండు పడదని రక్తం చెబుతుందా?

మామిడిపండ్లు వచ్చే రోజుల్లో "మా వాడికి ఈ పండు పడదండీ" అనే మాట నలుగురిళ్ళల్లో వింటూంటాం. కొందరు వెంటనే రక్తపరీక్ష చేయిస్తారు. ఆ పరీక్ష ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో ఈవేళ తెలుసుకుందాం.

కొందరి శరీరం పండులోని మాంసకృత్తును శత్రువనుకుని, దానిమీదికి ఐజీఇ అనే రక్షక పదార్థాన్ని తయారుచేస్తుంది. 1966-67 ప్రాంతంలో అమెరికాలో ఇషిజాకా దంపతులూ, స్వీడనులో జొహాన్సన్, బెన్నిక్ అనే శాస్త్రజ్ఞులూ వేరువేరుగా దీన్ని కనిపెట్టారు. ఎలర్జీ రక్తపరీక్ష కొలిచేది దీన్నే. ఇందుకు పరగడుపున వెళ్ళనక్కరలేదు. దురద మాత్రలు ఆపనక్కరలేదు.

అయితే రక్తంలో ఐజీఇ కనబడితే ఒళ్ళు ఆ పండును గుర్తుపట్టిందని మాత్రమే అర్థం. పాజిటివ్ అని వచ్చినా ఆ పండు హాయిగా తిని అరిగించుకునేవాళ్ళు ఉన్నారు. కాగితం చూసి అటువంటి పిల్లకు పండు మాన్పించడమంటే నోటి దగ్గర ముద్ద లాగేసినట్టే. 'లేదు' అని వచ్చినా పూర్తి భరోసా లేదు. పండ్లలోని కొన్ని మాంసకృత్తులు సున్నితమైనవి, పరీక్షకోసం తీసిన రసంలో చెడిపోతాయి.

మామిడి సొన తగిలి మూతి చుట్టూ పొక్కడం వేరే సంగతి. అది చాలావరకు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది. ఐజీఇ వల్ల వచ్చేది కాదు గనుక ఈ పరీక్షలో కనబడదు. దానికి వీపు మీద పట్టీలు అంటించి చూసే పరీక్ష ఉంది.

కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఏ పండు, ఎంత తిన్నాడు, పచ్చిదా, ఉడికించిందా, ఎంతసేపటికి ఏమైంది? ఐజీఇ వల్ల వచ్చే ఎలర్జీ సాధారణంగా రెండు గంటల లోపే బయటపడుతుంది. రబ్బరు బుడగ ఊదితే పెదవులు వాస్తాయేమో అదీ చెప్పండి. రబ్బరు పడనివాళ్ళల్లో కొందరికి అరటిపండు కూడా పడదు. ఈ వివరాలను బట్టి ఏ పండుకు పరీక్ష కావాలో డాక్టరు రాస్తారు. వందరకాల తిండికి ఒకేసారి చేసే ఐజీజీ పరీక్షలకు డబ్బు తగలెయ్యకండి. అవి ఎలర్జీని తేల్చవు. ఇంకా సందేహముంటే ఆసుపత్రిలో డాక్టరు కళ్ళెదుట కొద్దికొద్దిగా తినిపించి చూస్తారు. ఆ ప్రయోగం ఇంట్లో చేయకూడదు.

పండు తిన్నాక గొంతు బిగిసినా, ఊపిరాడకపోయినా, సొమ్మసిల్లినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి పరుగెత్తాలి. అప్పుడు ప్రాణం నిలబెట్టేది ఎడ్రినలిన్ ఇంజెక్షను.

డాక్టరు చెప్పందే ఏ పండునీ పిల్లలకు శాశ్వతంగా మాన్పించకండి. ఆయన మానమన్నాక మాత్రం అమ్మమ్మలూ నాయనమ్మలూ "ఒక్క ముక్కకేమవుతుందిలే" అని చాటుగా పెట్టకండి.