పొగ చెప్పని సంగతి

అమెరికాలో నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ నుంచి క్రిస్మస్ దాకా సాగే పండుగ రోజుల్లో, పెరటి స్మోకర్‌లో, అంటే కట్టెల పొగను ఆహారానికి పట్టించే మూత పెట్టెలో, తయారైన సాల్మన్ చేప, చీజ్, బాదం, జెర్కీ అనే ఎండు మాంసపు బద్దలు బంధుమిత్రులకు కానుకలుగా వెళ్లడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. చుట్టే కాగితం మీద, కట్టే రిబ్బను మీద చూపే శ్రద్ధలో సగం కూడా అంటించే లేబుల్ మీద కనిపించదు గాని, ఈ కానుకల విషయంలో పెట్టె కన్నా చీటీయే ముఖ్యం.

కారణం పొగ కలిగించే భ్రమ. వాయవ్య పసిఫిక్ తీరపు ఆదివాసులు ఆల్డర్ కట్టెల పొగలో రోజుల తరబడి ఉంచి గట్టిగా ఎండబెట్టిన సాల్మన్ శీతాకాలమంతా నిలిచేది. అందులో పెద్ద పాలు పొగది కాదు, తేమ పోవడానిది. నేటి స్మోకర్‌లో కొన్ని గంటలే ఉండి మెత్తగా బయటికొచ్చే చేపకు ఆ రంగూ వాసనా ఉంటాయి గాని ఆ నిలవ ఉండదు. ఉప్పు, పులుపు, నూనె కాపాడే ఆవకాయ జాడీకి అలవాటుపడిన ప్రవాస తెలుగు ఇల్లు దీన్ని కూడా వంటింటి గట్టు మీదే పెట్టేస్తే అది సహజమైన పొరపాటే, కానీ ప్రమాదకరమైనది.

గాలి లాగేసి అతికించే వాక్యూమ్ కవరు ఈ ప్రమాదాన్ని పెంచుతుంది. బొట్యులిజం అనే పక్షవాతపు జబ్బును కలిగించే క్లాస్ట్రీడియం బొట్యులైనమ్ బాక్టీరియా ఆక్సిజన్ లేని చోటే పెరుగుతుంది. దాని సిద్ధబీజాలు, అంటే ప్రతికూల కాలంలో గట్టి పొరలో నిద్రాణంగా ఉండే రూపాలు, పొగ వేడికి చావకపోవచ్చు. చేపల్లో కనిపించే 'ఇ' రకం సుమారు 3.3 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా పెరగగలదు, దాని విషం రుచినీ వాసననూ మార్చకుండానే చేరవచ్చు. 1963లో గ్రేట్ లేక్స్ ప్రాంతపు వాక్యూమ్ ప్యాకింగ్ పొగచేప తిని అమెరికాలో మనుషులు చనిపోయారు. ఇంటి ఫ్రిజ్ సాధారణంగా 4 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి, కవరులో మూసిన చేపను గడ్డకట్టించి ఇవ్వడమే మేలు.

అందువల్ల లేబుల్ మీద పదార్థం పేరు, పొగబెట్టిన తేదీ, 'ఫ్రీజర్‌లో ఉంచండి', 'కవరు తెరిచాకే ఫ్రిజ్‌లో కరిగించండి' అన్న మాటలు తప్పనిసరి. 'చల్లని పొగ' పెట్టినదైతే, అంటే సుమారు 30 డిగ్రీలు దాటని పొగలో ఉడకకుండా తయారైనదైతే, అదీ రాయాలి. చీజ్‌కు మాత్రం రెండు తేదీలు కావాలి: పొగబెట్టిన రోజున అది ఘాటుగా, చేదుగా ఉంటుంది, చుట్టిపెట్టాక రెండు వారాలకు గాని ఆ ఘాటు తగ్గదు కాబట్టి, ఎప్పటి నుంచి తినాలో చెప్పని లేబుల్ శ్రమనంతా వృథా చేస్తుంది.

అమ్మే ప్యాకెట్లపై అమెరికా చట్టం తొమ్మిది అలర్జీ కారకాలను పేర్కొనమంటుంది. తొమ్మిదోదైన నువ్వులు 2023 జనవరి 1 నుంచి చేరాయి. ఇంటి కానుకకు ఆ నిర్బంధం లేకపోయినా ఆ జాబితా మంచి కొలబద్ద. శాకాహారులకు ఇచ్చేటప్పుడు మరింత వివరం అవసరం, ఎందుకంటే బాదంపప్పుకు పట్టించే వూస్టర్‌షైర్ సాస్‌లో సాధారణంగా ఆంకోవీ చేప ఉంటుంది, కొన్ని చీజ్‌లలో పాలను విరగగొట్టే రెన్నెట్ దూడ కడుపు నుంచి వస్తుంది. జెర్కీ ఏ జంతువుదో రాయకపోవడం మర్యాద కాదు.

మామూలు కాగితపు చీటీ ఫ్రీజర్ తేమకు ఊడిపోతుంది కాబట్టి, ఫ్రీజర్ టేపు మీద చెరగని మార్కర్‌తో రాయడం అందంగా లేకపోయినా పనికొస్తుంది. లేబుల్ లేని సాల్మన్ పొట్లం గుమ్మం ముందు గంటల తరబడి ఉండి చల్లదనం కోల్పోయిందంటే, ఇచ్చినవారు ఎంత దగ్గరివారైనా, దాన్ని రుచి చూడకుండా పారవేయాలి.