కారులో పసిబిడ్డకు ఒడి చాలదు

గత సంవత్సరం రమజాన్‌లో ఒకనాడు మేము కుటుంబ సమేతంగా గాజువాకలోని బంధువుల ఇంటికి ఇఫ్తార్‌కు వెళ్ళి, తరావీహ్ నమాజు ముగిసిన పిమ్మట తిరిగి వస్తున్నాము. కారు మా అబ్బాయి నడుపుతున్నాడు. 11 నెలల మనుమరాలు వెనుక సీటులో మా ఇంటావిడ ఒడిలో నిద్రిస్తోంది. షీలానగర్ సమీపంలో ముందు వెళ్తున్న కంటైనర్ లారీ హఠాత్తుగా ఆగింది. మావాడు గట్టిగా బ్రేకు వేశాడు. అల్‌హమ్దులిల్లాహ్, ఢీకొనలేదు. వేగం కూడా 40 కిలోమీటర్లకు మించి లేదు. అయినప్పటికీ బిడ్డ చేతుల్లోంచి జారి, ముందు సీటు వెనుక భాగానికి తగిలి కింద పడింది. పెదవి చిట్లింది. గాయం రెండు మూడు రోజుల్లో మానిపోయింది. “నేను పట్టుకునే ఉన్నానండీ” అని మా ఇంటావిడ ఆ రాత్రంతా అంటూనే ఉంది. ఆమె చెప్పింది నిజమే.

మరి పట్టుకున్న చేతులు ఎందుకు చాలలేదు? గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేనినైనా ఢీకొని, ముందుభాగం అర మీటరు నలిగి ఆగిందనుకుందాము. ఆ క్షణంలో 10 కిలోల బిడ్డను ఆపి ఉంచడానికి సుమారు 200 కిలోల బరువును మోసేంత బలం కావాలి. అంటే 25 కిలోల బియ్యం బస్తాలు 8. అంతటి బలం ఏ తల్లి చేతులకూ ఉండదు. తల్లి తాను బెల్టు పెట్టుకోకపోతే ఆమె శరీరమే వెనుక నుండి బిడ్డను నలిపివేస్తుంది. ఒకే బెల్టును తల్లీబిడ్డలిద్దరికీ కలిపి చుట్టడం ఇంకా ప్రమాదకరం.

భద్రత అంటే ఏమిటో మన విశాఖ వాసులకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఉక్కు కర్మాగారంలోనూ పోర్టులోనూ హెల్మెట్, బూట్లు లేకుండా పనిలోకి దిగనివ్వరు. ఆ క్రమశిక్షణ గేటు దాటి ఇంటికి రావడం లేదు. పండుగనాడు ఈద్‌గాహ్‌కు వెళ్తూ చిన్నవాణ్ణి ఒడిలో కూర్చోబెట్టుకుని స్టీరింగ్ పట్టించే తండ్రులను మేము ఎన్నోసార్లు చూశాము. చూసి నవ్వాము, మురిశాము కూడా. స్టీరింగ్‌లోని ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే దానికీ తండ్రికీ మధ్య ఉండేది ఆ పసివాడే.

చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 194బి సెక్షను ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లలను బెల్టుతో గాని, పిల్లల సీటులో గాని భద్రపరచకుండా తీసుకువెళ్తే 1000 రూపాయల జరిమానా. స్కూటరుపై వెళ్ళే కుటుంబాలకూ నియమం ఉంది. 9 నెలల నుండి 4 ఏళ్ళ వరకు వయసున్న పిల్లలకు నడిపేవారితో కలిపి కట్టే పట్టీ, తలకు హెల్మెట్ ఉండాలి. వేగం 40 దాటకూడదు. ఇది 2023 ఫిబ్రవరి 15 నుండి అమలులో ఉంది.

ఇక సీటు సంగతి. మా కోడలు తెచ్చిన సీటును చూడగానే ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. అది కారు వెనుక అద్దం వైపు ముఖం ఉండేలా బిగించేది. “బిడ్డను గోడవైపు తిప్పి కూర్చోబెడతారా? ముఖమైనా కనిపించదే!” అని మా ఇంటావిడ అభ్యంతరం. “అమ్మీ, అలా తిప్పడంలోనే రక్షణంతా ఉంది” అని కోడలు ఓపికగా వివరించింది. పసిబిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే. మెడ ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు. ముందుకు చూస్తూ కూర్చున్న బిడ్డను పట్టీలు ఆపినా, తల మాత్రం ముందుకు విసురుగా పోతుంది. వెనుకకు తిరిగి ఉంటే ఆ తాకిడిని తల, మెడ, వీపు అన్నింటికీ కలిపి సీటు తొట్టే భరిస్తుంది. ఐరోపాలోని ఆర్129 ప్రమాణం కనీసం 15 నెలల వరకు ఇలాగే కూర్చోబెట్టాలంటుంది. సీటు తయారీదారు చెప్పిన ఎత్తు, బరువుల హద్దు వచ్చేవరకు అలాగే ఉంచడం మేలని అమెరికా శిశువైద్యుల సంఘం 2018లో సూచించింది. కనుక మొదటి పుట్టినరోజు కాగానే తొందరపడి ముందుకు తిప్పవద్దు.

కొనేటప్పుడు రంగూ మెత్తదనమూ తరువాత చూడవచ్చు. భారతీయ ప్రమాణం ఏఐఎస్-072 గాని, ఐరోపా ఆర్44, ఆర్129 గాని ముద్ర ఉన్నదా, బిడ్డ బరువుకూ ఎత్తుకూ సరిపోతుందా, మన కారులో గట్టిగా కూర్చుంటుందా అన్నవి ముందు చూడాలి. కొన్ని కార్లలో సీటు అంచున ఐసోఫిక్స్ కొక్కేలు ఉంటాయి. లేకుంటే కారు బెల్టుతోనే బిగించే సీటు తీసుకోవాలి. బిగించాక మొదట్లో పట్టుకుని కదిపితే అటూ ఇటూ 2.5 సెంటీమీటర్లకు మించి కదలకూడదు. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో మడతపెట్టడానికి ప్రయత్నించినప్పుడు మడత చిక్కకూడదు. చిక్కితే వదులుగా ఉన్నట్లే. అరకు చలికని మందపు స్వెట్టరు తొడిగి పట్టీ బిగిస్తే అది పైకి బిగుతుగా కనిపించి లోపల వదులుగా ఉంటుంది. పట్టీ కట్టాక పైన దుప్పటి కప్పండి. వెనుకకు తిరిగిన సీటును పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో ఎన్నడూ పెట్టరాదు. ఎవరో వాడి ఇచ్చిన సీటు ఒకసారి ప్రమాదానికి గురైనదైతే తీసుకోవద్దు.

ఇల్లు చేరాక బిడ్డ నిద్రపోతున్నా సరే, ఎత్తుకుని లోపలికి తీసుకుపోవాలి. 2025 మే నెలలో మన పొరుగున విజయనగరం సమీపంలోని ద్వారపూడిలో ఆడుకుంటూ ఆగి ఉన్న కారులోకి ఎక్కిన నలుగురు పిల్లలు తలుపులు తెరుచుకోక ఊపిరాడక మరణించారు. కారు తలుపులకు ఎప్పుడూ తాళం వేసి ఉంచడం ఇంటివారి పని.

“అల్లాహ్ కాపాడతాడు, ఇవన్నీ ఎందుకు?” అని ఒక పెద్దాయన మాతో అన్నారు. ఒంటెను కట్టి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని బోధించిన హదీసును మా మద్రసాలో చిన్న పిల్లలు కూడా చదువుతారు. ఆయనకూ తెలిసినదే. ఖర్చు మాట వేరు. లక్షలు పోసి కారు కొన్నవారు సీటు దగ్గర వెనుకాడటం మాకు అర్థం కాదు గాని, నిజంగా స్తోమత లేని ఇళ్ళూ ఉన్నాయి. అఖీఖాకు బంధువులు విడివిడిగా తెచ్చే బట్టలు, బొమ్మలు మానుకుని అందరూ కలిసి ఒక సీటు ఇవ్వవచ్చు. ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చేదే బిడ్డ మొదటి ప్రయాణం కాబట్టి, దానిని అఖీఖా దాకా ఆగకుండా ప్రసవానికి ముందే ఇస్తే మంచిది.

మా మనుమరాలు మొదటి నాలుగు రోజులు ఎన్ఏడీ జంక్షన్ వచ్చేదాకా ఏడుస్తూనే ఉండేది. మా ఇంటావిడ పక్కనే కూర్చుని దాని వేలు పట్టుకునేది, ఒడిలోకి మాత్రం తీసుకోలేదు. ఇప్పుడు ఎండలో కారు నిలిపితే బకిల్ కాలుతుందని సీటు మీద తెల్లని తువ్వాలు కప్పి ఉంచేది ఆమే.