కొండలు మస్తున్నయ్.. పేర్ల మాత్రం ఒక్కటే!

అమెరికాల కొలరాడో రాష్ట్రంల ఒక పెద్ద నేషనల్ పార్క్ ఉన్నది. సదువుకోను పోయిన మనోళ్లు ఆడికి పోయి ఫొటోలు దిగి స్టేటస్ పెడ్తరు. ఆ ఫొటోల కింద పేరు తీరుతీర్ల రాసుడు నేను చూస్తున్న. ఒకలు ‘రాకీ మౌంటెన్స్ నేషనల్ పార్క్’ అంటరు. ఇంకొకలు ముందట ‘ది’ తగిలిస్తరు. అసలు పేరు ‘రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్’. మౌంటెన్ పక్కన ఎస్ ఉండదు, ముందట ‘ది’ ఉండదు.

ఒక్క అచ్చరానికి ఇంత రాసుడు అవసరమా అంటరేమో. అవసరమే. ఊరి పిల్లలు నాలుగు ముక్కలు ఇంగ్లిష్ల రాస్తె, తప్పులు వట్టి నవ్వెటోళ్లు తయారుగ ఉంటరు. ఆ నవ్వుకు భయపడి రాసుడే బంద్ జేసినోళ్లు మనల మస్తుమంది ఉన్నరు. గని పేర్ల ముచ్చట తెలివికి సంబంధించింది గాదు, చూసి రాసే అలవాటుకు సంబంధించింది. అమెరికాల పుట్టి పెరిగినోళ్లు సుత ఈ పేరు కాడ తప్పుతరు.

మొదలు ఎస్ సంగతి చూద్దాం. ఆడ ఉన్నది ఒక్క కొండ గాదు. రాకీ కొండలు కెనడా కాడ్నించి న్యూ మెక్సికో దాక సుమారు 4,800 కిలోమీటర్లు సాగుతయి. పార్క్ లోపట 14,259 అడుగుల లాంగ్స్ పీక్ ఉన్నది, దాని సుట్టు ఇంకా మస్తు శిఖరాలున్నయి. మరి ఎస్ ఏడవాయె?

ఇంగ్లిష్ల ఒక వస్తువు పేరు ఇంకో పేరు ముందట నిలవడి, అది ఎసొంటిదో చెప్తున్నదనుకో, మామూలుగ ఏకవచనంలనే ఉంటది. ‘మ్యాంగో ఆర్చర్డ్’ అంటరు గని ‘మ్యాంగోస్ ఆర్చర్డ్’ అనరు. అంటే ఆ తోటల ఒక్కటే మామిడిపండు ఉన్నదని గాదు గద. మనం సుత ‘మామిడి తోట’ అనే అంటం. అయితే మనం ‘గొర్రెల మంద’, ‘చేపల చెరువు’ అని బహువచనం సుత మస్తుగ వాడ్తం. అందుకే ఇంగ్లిష్ రాసేటప్పుడు సుత ఎస్ దానంతటదే వచ్చి కూసుంటది. పిడుదులు కుడితే వచ్చే ఒక జరాన్ని మొదలు రాకీ కొండల దిక్కే గుర్తువట్టిన్రు. దాని పేరు సుత ‘రాకీ మౌంటెన్ స్పాటెడ్ ఫీవర్’. ఆడ సుత ఎస్ లేదు.

మన తెలుగు నేల మీద సుత ఇసొంటిది ఒకటున్నది. గోదారి మీద లాంచీల పోయొచ్చినోళ్లు ‘పాపికొండలు చూసొచ్చినం’ అంటరు. 2008ల ప్రకటించిన పార్క్ పేరు మాత్రం ‘పాపికొండ నేషనల్ పార్క్’. నోట్ల కొండలు, బోర్డు మీద కొండ.

ఎస్ పెడ్తె ఏం మునిగిపోతది అంటవా? దేశమే మారిపోతది! కెనడాల బాన్ఫ్ అని ఒక నేషనల్ పార్క్ ఉన్నది. 1887ల చేసిన చట్టంల దానికి వెట్టిన పేరు ‘రాకీ మౌంటెన్స్ పార్క్’. గీడ ఎస్ ఉన్నది. 1930 వచ్చినంకనే అది ‘బాన్ఫ్ నేషనల్ పార్క్’ అయింది. కొలరాడోది 1915 జనవరి 26న, ప్రెసిడెంట్ వుడ్రో విల్సన్ సంతకంతోని పుట్టింది. అంటే పాత కాయితాల ఒక్క ఎస్‌కు అటు కెనడా, ఇటు అమెరికా.

అట్లని కొండల పార్క్ అంటే ఎప్పుడూ ఎస్ తీసెయ్యాలె అనుకోకుండ్రి. టెనెసీ, నార్త్ కరోలినా సరిహద్దుల ఉన్నది ‘గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్క్’. దీంట్ల ఎస్ తప్పకుండ ఉండాలె. 1934ల ఏర్పడ్డ ఈ పార్క్‌కు అమెరికాల అన్నిటికన్న ఎక్కువ జనం వస్తరు. దీనికి ఇంకో తిరకాసు ఉన్నది. స్మోకీని ఎస్, ఎమ్, ఓ, కె, వై అని రాయాలె. చానామంది కె తర్వాత ఇ పెడ్తరు. ఎందుకంటే అడవులకు అగ్గి పెట్టొద్దని చెప్పే ‘స్మోకీ బేర్’ అనే ఎలుగుబంటి బొమ్మ ఆ దేశంల మస్తు ఫేమస్, దాని పేర్ల ఇ ఉంటది. ఎలుగుబంటికి ఇ ఉంటది, కొండలకు ఉండదు. గట్ల గుర్తువెట్టుకోండ్రి.

ఇగ ‘ది’ ముచ్చట. కొండల వరుసకు ‘ది’ వస్తది: ది రాకీ మౌంటెన్స్, ది హిమాలయాస్. ఒక్క శిఖరానికి రాదు: మౌంట్ ఎవరెస్ట్. వాక్యంల పార్క్ పూర్తి పేరు రాస్తె దాని ముందట సుత రాదు. ‘ఉయ్ వెంట్ టు రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్’ అంటే సరిపోతది. ఇంకోటి, ‘ఎస్టెస్ పార్క్’ అన్నది ఈ పార్క్‌కు ఇంకో పేరు గాదు. అది పార్క్ తూర్పు దర్వాజ కాడున్న టౌన్. ఆ దిక్కు కొండల నడుమ ఉన్న బయలును సుత ‘పార్క్’ అనే అంటరు.

కొండ పేరు, పార్క్ పేరు ఒక్కటే ఉండాలని సుత లేదు. అలాస్కాల ఉత్తర అమెరికాకే ఎత్తైన శిఖరం ఉన్నది, 20,310 అడుగులు. ఆడి కోయుకాన్ జనం దాన్ని ‘డెనాలి’ అంటరు, ఎత్తైనది అని అర్థం. బంగారం ఎతుక్కుంట పోయిన ఒకాయన 1896ల దానికి మెకిన్లీ అనే నాయకుని పేరు వెట్టిండు. 1917ల పార్క్ సుత ‘మౌంట్ మెకిన్లీ నేషనల్ పార్క్’ అయింది. 1980ల పార్క్ పేరు ‘డెనాలి నేషనల్ పార్క్ అండ్ ప్రిజర్వ్’గ మారింది. 2015ల శిఖరానికి సుత సర్కారు కాయితాల డెనాలి పేరు తిరిగొచ్చింది. 2025 జనవరిల ట్రంప్ ఆర్డర్‌తోని శిఖరం మళ్ల మౌంట్ మెకిన్లీ అయింది, పార్క్ పేరు మాత్రం డెనాలిగనే ఉన్నది. నిజామాబాద్ దిక్కు పాకాల ఊరి బిడ్డ మాలావత్ పూర్ణ 2022ల ఎక్కింది ఈ కొండనే. అప్పటి కాయితాల దాని పేరు డెనాలి.

చూసిన్రా, ఒక్క పేరు ఎనుక ఎంత కథ ఉన్నదో. ఆ కొండల కింద బతికెటోళ్లు తమ పేరు కోసం ఏండ్లకేండ్లు కొట్లాడిన్రు. మనకు ఇది కొత్త గాదు. హన్మకొండ, హనుమకొండ అని ఎన్ని తీర్ల రాసిన్రు, 2021ల జిల్లా పేరు హనుమకొండ అని ఖాయం అయ్యేదాక! ఆధార్ల ఒక తీరు, పదో తరగతి మెమోల ఇంకో తీరు పేరు పడ్డోళ్లను అడిగితే తెలుస్తది, ఒక్క అచ్చరం ఎన్ని ఆఫీసులు తిప్పుతదో.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. పేరును గ్రామర్‌తోని తయారు జెయ్యొద్దు. పార్క్ సొంత వెబ్‌సైట్ల, గేటు కాడి బోర్డు మీద ఎట్లున్నదో గట్లనే పొల్లుపోకుండ దించుకోండ్రి. ఫోన్ల దానంతటదే వచ్చే స్పెల్లింగ్‌ను నమ్మకుండ్రి. గట్ల చూసి రాసినంక ఎవడన్న నవ్విండనుకో, ఆ బోర్డు ఫొటో ఆయనకే పంపుండ్రి.