మూరెడు కూడా లేని తేడా: రోరోస్ రైలు స్టేషను కథ

రైలు పట్టాల మధ్య దూరం ఎంత ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? దీనినే 'గేజి' అంటారు. మన బ్రాడ్‌గేజిలో ఇది 1,676 మిల్లీమీటర్లు. యూరప్‌లో చాలా దేశాలలో 1,435 మిల్లీమీటర్లు. ఈ దూరాన్ని మూరెడు కన్నా తక్కువ తగ్గించినందువల్ల నార్వే దేశపు కొండలలోని ఒక చిన్న ఊరికి రైలు వచ్చింది. ఆ ఊరి పేరు రోరోస్.

రాగి ఊరు

రోరోస్‌లో 1644లో మొదలైన రాగి పరిశ్రమ 1977 వరకు నడిచింది. ఇక్కడ చలి ఎక్కువ. 1914లో ఉష్ణోగ్రత సున్నాకు 50 డిగ్రీలు దిగువకు పడిపోయింది! అయినా, రైలు రాకముందు బరువులు మోయడానికి అనువైన కాలం చలికాలమే. ఎందుకంటే సరస్సులు, నదులు గడ్డకట్టినప్పుడు వాటి మీదుగా గుర్రాలు చక్రాలు లేని జారుడుబళ్ళను సులువుగా లాగేవి.

పీల్ వేసిన లెక్క

నార్వేలో మొదటి రైలుమార్గం 1854లో 1,435 మిల్లీమీటర్ల గేజితో వచ్చింది. కాని ఆ దేశంలో కొండలు ఎక్కువ, జనం తక్కువ. అంత ఖర్చుతో ప్రతి లోయకూ రైలు వేయడం ఎలా? కార్ల్ అబ్రహాం పీల్ అనే ఇంజనీరు గేజిని 1,067 మిల్లీమీటర్లకు తగ్గించాడు. తేడా 368 మిల్లీమీటర్లే. 1862లో హామర్ నుంచి గ్రుండ్‌సెట్ వరకు ఇటువంటి మార్గం తెరిచారు.

దీనివల్ల ఖర్చు ఎలా తగ్గుతుంది? రైలు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, కలిసే తిరుగుతాయి. మలుపులో బయటి పట్టా పొడవు ఎక్కువ. లంబకోణపు మలుపు తిరిగేటప్పుడు ఆ తేడా 1,435 గేజిలో సుమారు 2.25 మీటర్లు, 1,067 గేజిలో సుమారు 1.68 మీటర్లు. తేడా తగ్గితే ఇంకా వంపుగల మలుపు తిరగవచ్చు. అప్పుడు కొండను తొలచకుండా దాని చుట్టూ పోవచ్చు. కట్టలు సన్నగా, పట్టాలు తేలికగా ఉన్నా సరిపోతాయి.

చెక్క స్టేషను

ఆ మార్గమే ఉత్తరానికి సాగి 1877లో రోరోస్ మీదుగా ట్రోండ్‌హైమ్ వరకు పూర్తయింది. సముద్రమట్టానికి 628 మీటర్ల ఎత్తున ఉన్న రోరోస్ స్టేషనుకు నమూనా గీసినవాడు పీటర్ ఆండ్రియాస్ బ్లిక్స్. ఆనాడు నార్వే స్టేషన్లలో 'స్విస్ శైలి' వాడుకలో ఉండేది. గోడలు చెక్కవి, కప్పు ఏటవాలు, చూరు బాగా ముందుకు చొచ్చుకువస్తుంది, చూరు పలకలకు నగిషీ ఉంటుంది.

ఇది అందం కోసమే అనుకోకండి. రాతితో పోలిస్తే చెక్క గుండా వేడి పదోవంతు కూడా పోదు. పొడవైన చూరు కరిగిన మంచునీటిని గోడకు దూరంగా పడేస్తుంది. తడి తగలని చెక్క త్వరగా పుచ్చదు. అడవుల దేశం కాబట్టి కలపకూ కొరత లేదు.

ఆదాకు చెల్లించిన మూల్యం

1880లో దక్షిణం నుంచి హామర్‌కు 1,435 గేజి రైలు వచ్చింది. రెండు గేజిలు అక్కడ కలిశాయి, కాని ఒకదాని పెట్టె మరొకదాని పట్టాలపై నడవదు! సరుకంతా దించి మళ్ళీ ఎక్కించవలసిందే. 1921లో డోవ్రె కొండల మీదుగా 1,435 గేజితో వేరే మార్గం తెరవగానే ట్రోండ్‌హైమ్ ప్రయాణాలు ఎక్కువగా అటు మళ్ళాయి. రోరోస్ ప్రధానమార్గం కాకుండా పోయింది. దాని గేజిని దశలవారీగా మార్చి 1941లో ముగించారు. మన దేశంలో కూడా మీటర్‌గేజిని బ్రాడ్‌గేజిగా మార్చే పథకం 1992లో చేపట్టారు. కారణం ఇదే.

అయితే పీల్ లెక్క తప్పా? తొందరపడకండి. ఆ 368 మిల్లీమీటర్లు తగ్గించకపోతే రోరోస్ రైలు కోసం ఇంకెన్నేళ్ళు ఎదురుచూడవలసి వచ్చేదో! ఈ రాగి ఊరు 1980 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. చూడవచ్చేవారు నేటికీ రైలులో వెళ్ళవచ్చు.

చేసి చూడండి: నేలపై మేకు పాతి, దారంతో ఒకే కేంద్రం నుంచి రెండు పావు వృత్తాలు గీయండి. వాటి మధ్య 10 సెంటీమీటర్ల ఎడం ఉంచి, రెండింటి పొడవులూ దారంతో కొలవండి. తేడా ఎంత? వ్యాసార్థాలు రెట్టింపు చేసి, ఎడం మాత్రం మార్చకుండా మళ్ళీ కొలవండి. తేడా మారిందా? ఎందుకో ఆలోచించండి.